హ్యూమిక్ యాసిడ్ రీడింగులు కుదరకపోతే: నా అనుభవం

నీటి శుద్ధి ప్రయోగాలకు మా ల్యాబులో మామూలుగా దొరికే హ్యూమిక్ యాసిడ్ (మొక్కలు, జీవులు కుళ్లగా మిగిలే ముదురు రంగు సేంద్రియ పదార్థం) పొడి వాడేవాళ్లం. యూవీ రీడింగులు (ద్రావణం అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకెలు) పరిశోధనా పత్రాల్లోని అంకెల దరిదాపులకు కూడా వచ్చేవి కావు. మా పేపర్‌ను పరిశీలించిన రివ్యూయర్ కూడా అదే అడిగేసరికి టెన్షన్ మొదలైంది. యూవీ పరికరంలో లాంప్ మార్చినా తేడా లేదు.

చిక్కంతా పొడిలోనే ఉంది. అలాంటి సరుకు ఎక్కువగా బొగ్గు జాతి పదార్థాల నుంచి తీస్తారు. నదినీటిలో కరిగి ఉండే సేంద్రియ పదార్థం తీరే వేరు.

చివరికి ఇలాంటి పదార్థాల ప్రామాణిక నమూనాలు అమ్మే ఇంటర్నేషనల్ హ్యూమిక్ సబ్‌స్టాన్సెస్ సొసైటీ వారి సువానీ నది ఫుల్విక్ యాసిడ్ (హ్యూమిక్ యాసిడ్ కోవదే, కానీ నీటిలో తేలిగ్గా కరిగేది) తెప్పించాం. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఓకెఫెనోకీ చిత్తడి నేలల్లో పుట్టే ఆ నది నీళ్లు టీ డికాషన్ రంగులో ఉంటాయి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది, సీసాలో పొడి మాత్రం చిటికెడు! మట్టి మీద పనిచేసేవాళ్లు దీన్ని కొనకండి, మీకు అదే సొసైటీ వారి ఇల్లినాయిస్ ఎలియట్ నేల నమూనా ఉంది.

ఈ పొడి గాలిలో తేమ పీల్చుకుంటుంది. అందుకే తూకాన్ని నమ్మకుండా, ద్రావణాన్ని 0.45 మైక్రాన్ల ఫిల్టరులో వడకట్టి, కరిగిన కార్బన్ కొలిచి దాని మీదే లెక్క కట్టాం. అంకెలు కుదిరాయి. హ్యూమిక్ యాసిడ్ అయితే ముందు పలుచటి సోడియం హైడ్రాక్సైడ్‌లో కరిగించి, తర్వాత పీహెచ్ సరిచేసుకోవాలి. సీసా మీది నమూనా కోడ్ కూడా పేపర్లో రాయండి, రివ్యూయర్ మళ్లీ అడగడు.