వెబ్ డిజైన్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇవి చూసుకోండి

డబ్బు కట్టే ముందు ఒక రోజు ఆగండి.

• మీ పని తీరు ముందు తేల్చుకోండి. తెర మీద పెట్టెలు లాగి అమర్చే అలవాటుంటే వెబ్‌ఫ్లో లాంటివి నప్పుతాయి. చేత్తో కోడ్ రాసేవారికి వీఎస్ కోడ్ అనే ఎడిటర్ చాలు, పైగా ఉచితం.

• రేపు ఆ సాఫ్ట్‌వేర్ వదిలేయాల్సొస్తే, మీ సైట్‌తో బయటికొచ్చే దారి ఉందా? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. కోడ్ రాయకుండా సైట్లు కట్టే అడోబీ మ్యూజ్‌కు 2020 మార్చితో సపోర్ట్ ఆగిపోయింది. దాని ఫైళ్లు వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోవు కాబట్టి, దాన్నే నమ్ముకున్నవాళ్లకు సైట్ మళ్లీ కట్టుకోవడమే మిగిలింది. కోడర్లకూ ఇలాంటిది తప్పలేదు: ఆటమ్ అనే కోడ్ ఎడిటర్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు. కాకపోతే అందులో రాసినవి మామూలు టెక్స్ట్ ఫైళ్లే, ఇంకో ఎడిటర్‌లో తెరిస్తే పని నడిచిపోయింది. సైట్ కోడ్‌ను బయటికి తీసిచ్చే ఎక్స్‌పోర్ట్ బటన్ కనిపించగానే మురిసిపోకండి, ఆ కోడ్‌ను వేరే సర్వర్‌లో పెట్టి, సైట్‌లోని ఫారం ఒకటి నింపి పనిచేస్తుందో లేదో చూడండి.

• ట్రయల్‌లో ఒక పేజీ చేసి, సాఫ్ట్‌వేర్ దానికి రాసిన కోడ్ చదవండి. ఒక్క బటన్ చుట్టూ ఏడెనిమిది డివ్‌లు (కోడ్‌లో ఒకదాన్ని చుట్టే ఖాళీ డబ్బాలు) పేరుకుంటే తర్వాత సరిచేసేవాళ్లకు చుక్కలు కనిపిస్తాయి. మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్లండి, ఆ బటన్ దగ్గర ఆగాలి. ఆగకపోతే అది బొమ్మే, బటన్ కాదు.

• బ్రౌజర్ వెడల్పును చిన్న ఫోన్ తెరంత, అంటే 320 పిక్సెళ్లకు కుదించి చూడండి. పేజీ పక్కకు జరుగుతోందా? జరిగితే ఫోన్‌లో చదవడం కష్టమే.

• చందా ఆపేస్తే సైట్ ఉంటుందో పోతుందో షరతుల్లో చదవండి. ట్రయల్ ముగిసే తేదీకి అలారం పెట్టుకోండి, లేదంటే కార్డు నుంచి డబ్బు కట్ అయ్యాక టెన్షన్.