పగిలిన అద్దం దగ్గర ఆపండి: బిల్లీ వైల్డర్ నుంచి సీన్ రాయడం నేర్చుకోవడం

పదకొండేళ్లుగా సీరియళ్లకు సీన్లు రాస్తున్నాను. రాయడం నేర్పమని వచ్చే పిల్లలకు ముందు ఒకటే పని చెబుతాను. బిల్లీ వైల్డర్ 1960లో తీసిన ‘ది అపార్ట్‌మెంట్’ చూడండి, పక్కన నోట్‌బుక్ పెట్టుకోండి.

మొదటిసారి ఆపకుండా చూసేయండి. రెండోసారి ప్రతి సీన్ తర్వాత పాజ్ కొట్టి, అసలు విషయం ఎవరికి తెలుసు, ఎవరికి తెలీదు అన్నది ఒక్క లైనులో రాయండి. కథ రాయక్కర్లేదు.

హీరో బాక్స్టర్ తన ఫ్లాట్ తాళం పై ఆఫీసర్లకు, వాళ్ల రహస్య ప్రేమ వ్యవహారాల కోసం ఇస్తుంటాడు. అక్కడ ఎవరో ఆడమనిషి మర్చిపోయిన కాంపాక్ట్, అంటే అద్దమున్న చిన్న పౌడర్ డబ్బా, దొరికితే తెచ్చి బాస్ షెల్డ్రేక్‌కి ఇచ్చేస్తాడు. లోపలి అద్దం పగిలి ఉంది. అది ఎవరిదో మనకు తెలుసు, బాక్స్టర్‌కి తెలీదు. క్రిస్మస్ పార్టీ రోజు కొత్త టోపీ పెట్టుకుని, ఎలా ఉందని ఫ్రాన్‌ని అడుగుతాడు. లిఫ్ట్ నడిపే ఆ అమ్మాయంటే అతనికి ప్రాణం. చూసుకోమని ఆమె తన కాంపాక్ట్ తెరిచి ఇస్తుంది. అందులో అతని ముఖం రెండు ముక్కలు. అద్దం పగిలిందంటాడు. అంతే, నిలదీయడాల్లేవు.

నా మొదటి సీరియల్లో ఇలాంటి సందర్భానికే రెండు పేజీల డైలాగ్ రాశాను. పాత్ర అంతా తనే చెప్పేసింది, చూసేవాళ్లకు ఏమీ మిగల్లేదు. ఆ సీన్ ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఇప్పుడు మీ కథ వన్ లైన్ ఆర్డర్, అంటే వరసగా రాసుకున్న సీన్ల జాబితా, తీయండి. గుట్టు బయటపడే సీన్లో దాన్ని చెప్పే మాట కొట్టేసి, ఆ పని ఒక వస్తువుకి అప్పజెప్పండి. మందుల చీటీ, బస్ పాస్, ఏదైనా సరే. కానీ అది అంతకుముందే ఓ సీన్లో వేరే పని మీద కనిపించాలి. బాక్స్టర్ కాంపాక్ట్ తెచ్చింది తిరిగివ్వడానికి, అందుకే మొదటిసారి అది కావాలని పెట్టినట్టు అనిపించదు.

ఒంటరిగా కూర్చోకండి. 1934లో హాలీవుడ్‌కి వచ్చేటప్పటికి వైల్డర్‌కి ఇంగ్లీషు అంతంతమాత్రం. రచయిత చార్లెస్ బ్రాకెట్‌తో, తర్వాత మరో రచయిత ఐ.ఎ.ఎల్. డైమండ్‌తో కలిసి రాశారు. తన స్క్రిప్టు పాడవకూడదనే అక్కడ 1942 నుంచి డైరెక్షన్ కూడా చేపట్టారు. డైమండ్‌తో రాసిన ఈ సినిమాకి రచన, దర్శకత్వం, ఉత్తమ చిత్రం, మూడు ఆస్కార్లూ ఆయనకు వచ్చాయి.

మీ సీన్ స్నేహితుడికి చదివి వినిపించి, "నీకు ఎక్కడ అర్థమైంది?" అని అడగండి. డైలాగ్ దగ్గర అంటే మళ్లీ రాయండి. వస్తువు దగ్గర అంటే ఆ లైను పక్కన పెన్సిల్‌తో టిక్ పెట్టి, తర్వాతి సీన్‌కి వెళ్లండి.