ఆర్ఎన్ఏజ్-ఇ ఉత్పరివర్తనలను చదవడం – నాలుగవ పాఠం: 44 డిగ్రీల వద్ద ఏ పని ఆగింది?

గత పాఠంలో ఉత్పరివర్తన పేరును విప్పడం నేర్చుకున్నాము. మొదటి అక్షరం అసలు అమైనో ఆమ్లాన్ని, అంకె దాని స్థానాన్ని, చివరి అక్షరం దాని చోటికి వచ్చిన ఆమ్లాన్ని తెలుపుతాయి. ఈసారి ఆ పేరును బట్టి కణంలో ఏ పని ఆగి ఉంటుందో ముందుగా ఊహించి, ఆ ఊహను, ఆర్ఎన్ఏలను పొడవును బట్టి విడదీసి గీతలుగా చూపే నార్తర్న్ బ్లాట్‌తో సరిచూడడం సాధన చేద్దాము.

ఇ. కోలై బ్యాక్టీరియాలోని ఆర్ఎన్ఏజ్-ఇ 1061 అమైనో ఆమ్లాల ప్రోటీన్. దాని మొదటి సగం, అంటే దాదాపు 529వ ఆమ్లం వరకు, ఆర్ఎన్ఏను కోస్తుంది. రెండవ సగం కణత్వచానికి అంటుకొని, పీఎన్‌పేజ్, ఆర్‌హెచ్ఎల్-బి, ఎనొలేజ్ అనే ప్రోటీన్లకు ఆధారమై, ఆర్ఎన్ఏను విచ్ఛిన్నం చేసే సముదాయమైన డిగ్రడోసోమ్‌ను నిలుపుతుంది. మొదటి సగంలో 303, 346 స్థానాలలోని ఆస్పార్టిక్ ఆమ్లాలు మెగ్నీషియం అయాన్‌ను పట్టి ఉంచుతాయి. డి303ఎన్ అన్న మార్పులో ఆమ్లం పరిమాణం దాదాపు అలాగే ఉన్నా రుణావేశం పోతుంది కనుక కోత ఆగిపోతుంది. 169వ స్థానంలోని ఆర్జినిన్, 170వ స్థానంలోని త్రియొనిన్ కలిసి 5 ప్రైమ్ కొనలో ఒకే ఫాస్ఫేటు ఉన్న ఆర్ఎన్ఏను గుర్తిస్తాయి. అప్పుడే తయారైన ఆర్ఎన్ఏకు ఆ కొనలో మూడు ఫాస్ఫేట్లు ఉంటాయి కాబట్టి, ఆర్‌పీపీ-హెచ్ అనే మరొక ఎంజైము వాటిని ఒకటికి తగ్గించాకే ఈ గుర్తింపు సాధ్యమవుతుంది.

ఇక ఈ పాఠానికి కేంద్రమైనది ఎస్1 అనే ఆర్ఎన్ఏ బంధక భాగం. 66వ స్థానంలోని గ్లైసిన్ సెరిన్‌గా మారితే ఆర్ఎన్ఈ-1, 68వ స్థానంలోని ల్యూసిన్ ఫినైల్‌అలనిన్‌గా మారితే ఆర్ఎన్ఈ-3071 అనే ఉష్ణ సంవేదక రకాలు వస్తాయి. రెండూ 30 డిగ్రీల వద్ద పెరుగుతాయి, 44 డిగ్రీల వద్ద పెరగవు. వీటి చరిత్ర కూడా బోధించేదే. మొదటిదాన్ని 1970లలో సందేశక ఆర్ఎన్ఏ ఎక్కువసేపు నిలవడాన్ని బట్టి పట్టుకొని ఏఎంఎస్ అని పేరు పెట్టారు. రెండవదాన్ని 9ఎస్ అనే పూర్వగామి ఆర్ఎన్ఏ పేరుకుపోవడాన్ని బట్టి పట్టుకున్నారు. రెండూ ఒకే జన్యువులోనివని తేలడానికి ఆ తరువాత పదేళ్లకు పైగా పట్టింది. ఒకే ఎంజైము లోపం, చూసిన కిటికీని బట్టి, రెండు వేర్వేరు జన్యువుల కథగా కనిపించింది.

ఇక్కడ హైదరాబాదులో పనిచేసేవారికి ఒక మాట. మే నెలలో ఏసీ లేని ప్రయోగశాల గది ఉష్ణోగ్రత 35 దాటుతుంది. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదే గాని గది కంటే చల్లబరచలేదు. ముల్లు 30 దగ్గర పెట్టినా లోపల 36 ఉంటే, మీ బ్యాక్టీరియా ప్రయోగం మొదలుకాకముందే సగం దెబ్బతిని ఉంటుంది. చల్లబరిచే ఏర్పాటున్న బీఓడీ ఇంక్యుబేటర్‌లోనే ఈ రకాలను పెంచండి.

ఇప్పుడు బ్లాట్‌కు వద్దాము. 9ఎస్ ఆర్ఎన్ఏ సుమారు 246 న్యూక్లియోటైడ్ల పొడవు. ఆర్ఎన్ఏజ్-ఇ దానిని కోస్తే 126 న్యూక్లియోటైడ్ల ముక్క వస్తుంది. దాని కొనలను ఇతర ఎంజైములు సవరించాక 120 న్యూక్లియోటైడ్ల 5ఎస్ రైబోసోమ్ ఆర్ఎన్ఏ మిగులుతుంది. 44 డిగ్రీలకు మార్చిన తరువాత ఉత్పరివర్తిత వరుసలో 246 దగ్గర గీత దట్టమైతే, కోత ఆగిందన్న ఊహ నిలిచినట్టే. అయితే మామూలు రకాన్ని కూడా అదే సమయానికి 44 డిగ్రీలకు మార్చి పక్క వరుసలో నడపనిదే ఆ గీతకు అర్థం లేదు, ఎందుకంటే వేడి ఒక్కటే కణంలోని ఆర్ఎన్ఏలను కొంత మారుస్తుంది.

రెండవ కొలత అర్ధాయుష్షు. రిఫాంపిసిన్ కలిపి కొత్త ఆర్ఎన్ఏ తయారీని ఆపి, నిర్ణీత నిమిషాలకు నమూనాలు తీసి, మిగిలిన శాతాన్ని సెమీలాగ్ గ్రాఫుపై గుర్తించాలి. లెక్క కోసం మనమే వేసుకున్న అంకెలు ఇవి: మామూలు రకంలో 0, 2, 4 నిమిషాలకు 100, 50, 25, ఉత్పరివర్తితంలో 0, 4, 8 నిమిషాలకు 100, 71, 50. మొదటిదాని అర్ధాయుష్షు 2 నిమిషాలు, రెండవదానిది 8. సహజ లాగరిథమ్‌లో గీత వాలు పరిమాణాన్ని కె అనుకుంటే 0.693ను కెతో భాగించినా ఇవే వస్తాయి. కాని రిఫాంపిసిన్ కొత్తగా మొదలయ్యే పాలిమరేజులనే ఆపుతుంది. జన్యువుపై ఇప్పటికే నడుస్తున్నవి చివరిదాకా పోతాయి. సెకనుకు సుమారు 40 నుండి 50 న్యూక్లియోటైడ్ల వేగం గనుక, 3000 న్యూక్లియోటైడ్ల జన్యువు చివరి భాగాన్ని గుర్తించే ప్రోబ్‌తో చూస్తే మొదటి నిమిషంలో తగ్గుదలే కనబడకపోవచ్చు. ఆ తొలి బిందువును వాలు లెక్కలో చేర్చితే ఆర్ఎన్ఏ ఉన్నదానికన్నా స్థిరమైనదిగా తోస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా జారేది మరొక చోట. ఈ ఎంజైము తన సొంత సందేశక ఆర్ఎన్ఏను కూడా కోస్తుంది. 361 న్యూక్లియోటైడ్ల దాని 5 ప్రైమ్ అననువాద భాగమే ఈ స్వీయ నియంత్రణకు కీలకం. కనుక ఏదైనా ఉత్పరివర్తన కోత శక్తిని సగానికి తగ్గిస్తే ఆ ప్రోటీన్ పరిమాణమే పెరిగి, లోటు కొంత పూడుతుంది. వెస్టర్న్ బ్లాట్‌లో ప్రోటీన్ ఎక్కువగా కనబడిందని అది బలమైన రకమని రాయకండి. జన్యువు తన సొంత నియంత్రణలో ఉందో, ప్లాస్మిడ్‌పై పరాయి ప్రమోటరు కింద ఉందో ముందు చూడండి.

అభ్యాసం. ఆర్169క్యూ (169వ ఆర్జినిన్ గ్లుటమిన్‌గా మారడం) ఉన్న బ్యాక్టీరియా బతుకుతుంది. రెండవ సగం తొలగించినదీ బతుకుతుంది. రెండూ ఒకే ప్రోటీన్‌లో ఉంటే బతకదు. హైదరాబాదులోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో గౌరీశంకర్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన దీనిని చూపడమే కాక, ఆర్‌హెచ్ఓ అనే ప్రోటీన్ మీద ఆధారపడే ట్రాన్స్‌క్రిప్షన్ ముగింపు దెబ్బతిన్న రకాలలో ఆ మరణం తప్పుతుందని కూడా తెలిపింది. మొదటి భాగానికి ఇప్పుడే జవాబు రాయండి: 5 ప్రైమ్ కొనను గుర్తించే దారి మూసుకుపోయినప్పుడు, ఎంజైము ఆర్ఎన్ఏ మధ్యలో నేరుగా పట్టు దొరికించుకోవడానికి రెండవ సగం ఎలా తోడ్పడి ఉండాలి? ఆర్‌హెచ్ఓ సంగతి అయిదవ పాఠంలో.