లింకు నొక్కి విరాళమా? కాస్త ఆగండి

"దసరాకి ఎలాగూ కొంటాం కదా, ఈ లింకులోంచి కొంటే ఆశ్రమానికి నాలుగు రూపాయలు వెళ్తాయి" అని మా బ్రాడీపేట అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో ఒకరు పెడుతూనే ఉంటారు. మంచి మాటే. నొక్కే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

సంస్థ పేరు ఎన్జీవో దర్పణ్ (స్వచ్ఛంద సంస్థల వివరాలుండే ప్రభుత్వ సైటు) పోర్టల్లో కొట్టండి. అందులో ఉన్నంత మాత్రాన నిఖార్సైనదని కాదు, అందుకే ఊళ్లోదైతే ఒకసారి ఫోన్ చేసి, ఈ లింకు మీదేనా అని అడిగేయండి.

లింకు తెరిచాక పక్కచూపులు వద్దు. నేను పోయినేడాది మిక్సీ కొంటూ మధ్యలో కూపన్ కోసం ఇంకో సైటుకి వెళ్లి, చివరికి అక్కణ్ణుంచే ఆర్డర్ పెట్టాను, ఇంకేముంది, సంస్థకి పైసా పోలేదు. అమ్మకం మీద షాపింగ్ సైటు ఇచ్చే కమీషనే ఈ విరాళం, అది మామూలుగా చివర నొక్కిన లింకు వాళ్లకే పడుతుంది మరి. సరుకు వాపస్ ఇచ్చినా అంతే.

ఎంత వెళ్తుందో కూడా చూడండి. అమెరికాలో ఇలాగే కొన్నదాంట్లోంచి విరాళం పంపిన అమెజాన్ స్మైల్ పథకం ఇచ్చింది 0.5 శాతం, అంటే వెయ్యికి ఐదు రూపాయల లెక్క, దాన్నీ 2023 ఫిబ్రవరిలో ఆపేశారు. కాబట్టి విరాళం పేరు చెప్పుకుని అక్కర్లేని చీర కొనకండి (మా ఇంట్లో ఇది చదవకపోతే బాగుండు).

ఆదాయపు పన్ను మినహాయింపుకి 80జీ రసీదు కావాలంటే నేరుగా ఇవ్వాల్సిందే, అదీ 2,000 దాటితే నగదు వద్దు.

క్యాష్‌బ్యాక్ వేస్తాం, యూపీఐ పిన్ కొట్టండి అంటే వెంటనే మూసేయండి. డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.