వెళ్లేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు నాలుగు గంటలా?

మా పిన్నిది వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ, వాళ్లబ్బాయి జర్మనీలో ఉంటాడు. జులైలో వాడి దగ్గరికెళ్లి, అక్కణ్నుంచి ఇద్దరూ పోర్చుగల్ చూసొద్దామని వాడే టికెట్లు తీశాడు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లిస్బన్. అవి చూసి పిన్ని నాకు ఫోన్: "ఒరే, పదింటికి ఎక్కితే పన్నెండుకి దిగుతామట, వచ్చేటప్పుడు ఒంటిగంటకి ఎక్కితే ఐదింటికి గానీ దిగమట, వీడు తిరుగు ప్రయాణానికి ప్యాసింజర్ బండి గానీ బుక్ చేశాడా?"

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. లిస్బన్ గడియారం ఫ్రాంక్‌ఫర్ట్ కంటే గంట వెనక, అందుకే ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే తప్పొస్తుంది. రెండింటినీ మన టైములోకి మార్చేసుకోండి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఫ్రాంక్‌ఫర్ట్ టైముకి మూడున్నర గంటలు, లిస్బన్ టైముకి నాలుగున్నర కలపాలి (చలికాలంలో రెండింటికీ ఇంకో గంట). పది అంటే మనకి మధ్యాహ్నం 1:30, అక్కడి పన్నెండు మనకి 4:30. మూడు గంటలు. తిరుగు ప్రయాణం కూడా లెక్కేయండి, 5:30 నుంచి 8:30, అదే మూడు.

ఇక దూరం. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి ఒక ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేస్తే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది, తర్వాత రెండోదాని మీద నొక్కడమే. ఈ రెండింటి మధ్య దాదాపు 1,870 కిలోమీటర్లు చూపిస్తుంది. గీత కాస్త వంగినట్టు కనిపిస్తే కంగారుపడకండి, భూమి గుండ్రం కాబట్టి దగ్గరి దారి పటం మీద అలాగే పడుతుంది. కొన్ని సైట్లు నాటికల్ మైళ్లలో చెబుతాయి, 1.852తో గుణించుకోండి.

దూరం తెలిస్తే టైముకి నా మోటు లెక్క ఒకటుంది: కిలోమీటర్లని 800తో భాగించి, పైన ఓ ముప్పై ఐదు నిమిషాలు వేసుకోవడం. ఆ అదనం ఎందుకంటే టికెట్ టైము గేటు దగ్గర కదిలినప్పట్నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా, రన్‌వే దాకా పాకడం, ఎక్కడం, దిగడం అన్నీ అందులోనే. 1,870కి వేస్తే రెండు గంటల యాభై ఐదు నిమిషాలు. నమ్మకం కుదరకపోతే మన వైజాగ్-హైదరాబాద్ మీద వేసి చూడండి, గాల్లో 510 కిలోమీటర్లు, గంటా పదమూడు నిమిషాలొస్తుంది, టికెట్‌లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. పైన గాలి ఎక్కువగా పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి లిస్బన్ నుంచి వచ్చేటప్పుడు కాస్త తొందరగా దిగినా దిగొచ్చు.

ఊరి పేరు చూసి మాత్రం కొలవకండి, మూడక్షరాల కోడ్ చూడండి. ఎఫ్‌ఆర్‌ఏ అంటే అసలు ఫ్రాంక్‌ఫర్ట్. హెచ్‌హెచ్‌ఎన్ అని ఉంటే అది హాన్, పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ ఉంటుంది గానీ ఊరికి రోడ్డు మీద 120 కిలోమీటర్ల దూరం, చవగ్గా దొరికింది కదా అని తీసుకుంటే మిగిలింది బస్సుకీ ట్యాక్సీకీ పోతుంది. పారిస్‌కి బోవే కూడా అలాంటిదే.

ఇండియా నుంచి దిగిన రోజే అక్కడ విమానం మారేవాళ్లు ఇమిగ్రేషన్ క్యూని కూడా లెక్కలో వేసుకోవాలి, లిస్బన్ వెళ్తున్నా సరే షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) మొదట దిగింది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కాబట్టి ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవైతే నేనైతే నాలుగు గంటలకి తక్కువ గ్యాప్ పెట్టుకోను, మొదటిది లేటైతే రెండోదాని డబ్బులు ఎవరూ ఇవ్వరు.

ఇక్కడే ఉండిపోతున్న బాబాయికి ఈ లెక్కలేవీ చెప్పలేదు. వాళ్లు లిస్బన్ వెళ్లే రోజు సాయంత్రం బీచ్ రోడ్డుకి వాకింగ్‌కి వెళ్లేముందు, ఐదింటికి పిన్నికి ఫోన్ చెయ్యమన్నాను, దిగేసి ఉంటుంది.