అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు విమానంలో సీటు ఎలా ఎంచుకోవాలి?

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు టికెట్లు తీసేటప్పుడు, ధర కొంచెం తగ్గుతుందేమోనని వారాల తరబడి వెతికినవారు సైతం సీటు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వాళ్లే ఇస్తారులే" అని వదిలేస్తారు. అలా వదిలేస్తే వాళ్లు ఇచ్చేది ఎవరూ కోరుకోక మిగిలిపోయిన సీటు, అంటే చాలాసార్లు మధ్య సీటు. మోకాళ్ల నొప్పులున్న పెద్దమనిషి ఇద్దరు అపరిచితుల మధ్య ఇరుక్కొని, బాత్రూంకు వెళ్లాలంటే పక్కవారిని లేపవలసి వస్తుందని నీళ్లు తాగడమే మానేసి, డల్లాస్‌లో వాచిన పాదాలతో దిగడం తరచూ జరుగుతున్నదే. నిజానికి సీటు ఎంపిక అరగంట పని. కాకపోతే దానికి ఒక క్రమం ఉంది: మొదట విమానం, తరువాత వరుస, చివరికి అక్షరం (32సి అన్న సీటులో 32 వరుస, సి అక్షరం). దాదాపు అందరూ దీన్ని చివరి నుంచి మొదలుపెడతారు.

ముందుగా కావలసినవి

ఆరు అక్షరాల పీఎన్ఆర్, పాస్‌పోర్టులో ఉన్నట్టుగా ఇంటిపేరు, విమాన సంస్థ యాప్, డబ్బు కట్టడానికి కార్డు ఉంటే చాలు. ఏజెంటు ఇచ్చిన పీఎన్ఆర్ ఆ సంస్థ వెబ్‌సైటులో పనిచేయకపోతే, సంస్థ సొంత పీఎన్ఆర్ వేరే ఉందని అర్థం. దాన్ని అడిగి తీసుకోండి. వీల్‌చెయిర్ అవసరమైతే ప్రయాణానికి కనీసం 48 గంటల ముందే నమోదు చేయండి. భోజనంలో ఊరికే శాకాహారం అని కాకుండా ఏషియన్ వెజిటేరియన్ అన్నదాన్నే ఎంచుకోండి; లేకపోతే ఉడకబెట్టిన కూరగాయలు, చప్పిడి పాస్తా వచ్చే ప్రమాదం ఉంది.

అసలు కష్టమంతా విమానాన్ని గుర్తించడంలోనే

శంషాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా వెళ్తే రెండు విమానాలు ఎక్కాలి. మొదటిది సుమారు నాలుగు గంటలు. దాని కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కరలేదు. డల్లాస్ వంటి దూరపు నగరాలకైతే రెండోది పదహారు గంటల దాకా సాగుతుంది. చాలామంది మొదటి విమానానికి డబ్బు కట్టి మంచి సీటు తీసుకొని, రెండోదాన్ని అదృష్టానికి వదిలేస్తారు. చేయవలసింది సరిగ్గా దీనికి విరుద్ధం.

టికెట్ వివరాలలో ప్రతి ప్రయాణం కిందా విమానం రకం రాసి ఉంటుంది. కొన్నిచోట్ల మూడక్షరాల కోడ్ మాత్రమే ఉంటుంది. 77డబ్ల్యూ అంటే బోయింగ్ 777-300ఈఆర్. 789 అంటే బోయింగ్ 787-9. 359 అంటే ఎయిర్‌బస్ ఎ350-900, 388 అంటే రెండంతస్తుల ఎ380, 333 అంటే ఎ330-300. ఈ కోడ్ చూడకుండా సీట్ల పటం తెరవడం వృథా. ఎందుకంటే ఆ పటంలో అన్ని విమానాల సీట్లూ ఒకే కొలత గళ్లుగా కనిపిస్తాయి, లోపల మాత్రం ఒకే కొలతలో ఉండవు. 777 విమానం 1995లో ప్రయాణికుల సేవలోకి వచ్చినప్పుడు ఎకానమీలో సాధారణంగా వరుసకు తొమ్మిది సీట్లు ఉండేవి. ఇప్పుడు ఎక్కువ సంస్థలు అదే వెడల్పులో మూడు-నాలుగు-మూడు చొప్పున పది సీట్లు ఇరికిస్తున్నాయి కాబట్టి ఒక్కో సీటు సుమారు 17 అంగుళాలకు తగ్గింది. 787లో వరుసకు ఎనిమిది సీట్లే వేస్తే విశాలంగా ఉండేది. జపాన్ ఎయిర్‌లైన్స్ అంతర్జాతీయ విమానాలలో అలాగే వేసింది, మిగతావారిలో దాదాపు అందరూ తొమ్మిది వేశారు. అదే తొమ్మిది సీట్లు ఎ350లో వేస్తే ఒక్కోటి 18 అంగుళాలు వస్తుంది. ఒక్క అంగుళానికి ఇంత చర్చ ఎందుకని అడిగేవారు, పక్కవారి మోచేయి పదహారు గంటలు తగులుతూ ఉంటే ఎలా ఉంటుందో ఆలోచించాలి.

వెడల్పు తరువాత చూడవలసింది పిచ్, అంటే ఒక సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువు దాకా ఉన్న దూరం. ఎకానమీలో ఇది ఎక్కువగా 31, 32 అంగుళాలు ఉంటుంది. దీన్ని కాళ్లు చాపుకునే స్థలం అనుకోకూడదు. సీటు వీపు మందంగా ఉంటే అదే 31 అంగుళాలలో మోకాళ్లకు తక్కువ మిగులుతుంది, పలుచని వీపు ఉంటే ఎక్కువ మిగులుతుంది. అందుకే పిచ్ అంకె ఒక్కటే చూసి రెండు సంస్థలను పోల్చేవారి సలహా నేను లెక్కలోకి తీసుకోను.

వీటన్నిటి కంటే పెద్దవారికి ముఖ్యమైనది, సీట్ల పటంలో కనిపించనిది, లోపలి గాలి ఒత్తిడి. పాత అల్యూమినియం విమానాలలో, 777తో సహా, లోపలి ఒత్తిడి ఎనిమిది వేల అడుగుల ఎత్తున ఉండేంత తక్కువకు పడిపోవచ్చు. సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపు ఎత్తున ఉన్న వరంగల్‌లో జీవితమంతా గడిపిన మనిషిని ఊటీ కంటే ఎత్తైన చోట రాత్రంతా కూర్చోబెట్టడమే ఇది. 787, ఎ350ల దేహాలు చాలావరకు కార్బన్ ఫైబర్ మిశ్రమంతో చేసినవి. మళ్లీ మళ్లీ ఒత్తిడి పెంచి తగ్గించినా అవి లోహంలా త్వరగా అలసిపోవు కాబట్టి, లోపలి ఒత్తిడిని ఆరు వేల అడుగుల స్థాయిలో ఉంచగలుగుతారు. తుప్పు భయం తక్కువ కాబట్టి గాలిలో తేమ కూడా కొంత ఎక్కువ ఉండనిస్తారు. తలనొప్పి, గొంతు ఎండిపోవడం, దిగిన తరువాత రెండు రోజుల నీరసం ఈ విమానాలలో తగ్గుతాయి. కాబట్టి ధరలో తేడా తక్కువగా ఉంటే మొదట ఎ350 వెతకండి, తరువాత 787, ఆ తరువాత ఎ380. వరుసకు పది సీట్ల 777ను చివరికి ఉంచండి. ఎ380లో ఒత్తిడి సంగతి ఎలా ఉన్నా, చప్పుడు తక్కువ, సీటు వెడల్పు ఎక్కువ.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. టికెట్ మీద ఒక సంస్థ పేరు ఉండి, నడిపేది వేరొక సంస్థ కావచ్చు. నడిపే సంస్థ పేరు చిన్న అక్షరాలలో ఉంటుంది, సీటును ఎంచుకోవలసింది ఆ సంస్థ దగ్గరే. రెండోది, ఒకే రకం విమానంలోనే ఒకే సంస్థ రెండు మూడు రకాల అమరికలు వాడుతుంది, పైగా చివరి వారంలో విమానాన్నే మార్చవచ్చు. కాబట్టి కోడ్ చూసిన తరువాత పటంలో ఒక వరుస సీట్లు వేలుపెట్టి లెక్కించండి. కోడ్, లెక్క రెండూ కుదిరితేనే ముందుకు వెళ్లండి.

వరుస, ఆ తరువాత అక్షరం

చివరి వరుస వద్దు; అక్కడ సీటు వెనక్కి సరిగ్గా వాలకపోవచ్చు, బాత్రూం క్యూ నెత్తిమీదే ఉంటుంది. వంటగదిని ఆనుకున్న వరుసలూ వద్దు. గోడ ఎదుటి మొదటి వరుసలో కాళ్లకు చోటు ఉంటుందని ఆశపడతారు కాని, చంటిపిల్లల ఊయలలు తగిలించేది అక్కడే. టేబులు చేతి ఆనికలో ఉండటం వల్ల ఆ ఆనిక పైకి లేవదు, విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు చేతిసంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. అత్యవసర ద్వారం పక్క సీటును వీల్‌చెయిర్ అడిగినవారికి ఇవ్వరు. ప్రమాదంలో తలుపు తెరవడానికి సాయపడగలవారే అక్కడ కూర్చోవాలన్నది నియమం. ఆ సీటుకు డబ్బు కట్టి గేటు దగ్గర వాదించడం ఎందుకు? రెక్క పరిసరాల వరుసలలో కుదుపు తక్కువ, రెక్కకు ముందు ఇంజిన్ హోరు తక్కువ. రెక్క ముందు అంచు కంటే కాస్త ముందున్న వరుస పెద్దవారికి సరైనది.

ఇక అక్షరం. ఇద్దరు ప్రయాణిస్తుంటే సి, డి తీసుకోవాలి. అంటే నడవాకు అటొకరు, ఇటొకరు. మూడు-మూడు-మూడులోనూ, మూడు-నాలుగు-మూడులోనూ ఈ రెండు అక్షరాలు మామూలుగా ఎదురెదురుగానే వస్తాయి. ఎవరినీ లేపకుండా ఇద్దరూ లేవగలరు, గంటన్నరకొకసారి నడవగలరు, మందుబిళ్ల అందించుకోగలరు. ఇంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ల సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది కాబట్టి నడవడం తప్పనిసరి. కిటికీ, నడవా సీట్లు తీసుకొని మధ్యది ఖాళీగా ఉంటుందని ఎదురుచూసే ఉపాయాన్ని చాలామంది గొప్పగా చెబుతారు. వేసవి సెలవుల్లో విమానం నిండితే ఆ మధ్యలోకి మూడో మనిషి వస్తాడు, భార్యాభర్తలు అతని మీదుగా మాట్లాడుకోవలసి వస్తుంది. "అమ్మకు మబ్బులు చూపించాలి" అని కిటికీ సీటు తీసుకునేవారూ ఉన్నారు. సముద్రం మీద రాత్రి కనిపించేదేమీ లేదు. 787లో కిటికీకి మూత కూడా ఉండదు, సిబ్బంది మీట నొక్కి అద్దాలన్నిటినీ ఒకేసారి చీకటి చేయగలరు. పైగా కిటికీలు విమానం చట్రం ప్రకారం, సీట్లు సంస్థ ఇష్టప్రకారం పట్టాల మీద బిగిస్తారు కాబట్టి, కిటికీ సీటుకు కిటికీ బదులు గోడ రావచ్చు.

మినహాయింపు ఒకటే: పక్కన రెండేసి సీట్లు ఉంటే ఆ జంటనే తీసుకోండి. రెండు-నాలుగు-రెండు అమరికలో ఉండే ఎ330లో ఇది సులభం. దేహం సన్నబడే చోట కొన్ని 777లలోనూ వెనుక రెండు మూడు వరుసలు ఇలాగే ఉంటాయి. అక్కడ కుదుపు ఎక్కువైనా మూడో మనిషి ఉండడు.

డబ్బు కట్టిన తరువాత

సీటు నంబరును స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, ఆన్‌లైన్ చెక్‌ఇన్ తెరుచుకోగానే మరొకసారి చూడండి. విమానం మారితే మీ సీటు చెప్పాపెట్టకుండా మారిపోతుంది. వేకువజామున విమానమైతే ముందురోజు రాత్రే హనుమకొండలో బయలుదేరతారు కాబట్టి, ఈ పని కారులో పెట్టుకోకుండా ఇంట్లోనే ముగించండి.

విమానంలో ఎవరైనా సీటు మారమని అడిగితే, అదీ నడవా సీటే అయితేనే మారమని, లేకుంటే బోర్డింగ్ పాస్ చూపించి సిబ్బందిని పిలవమని పెద్దవారికి ముందే చెప్పండి. చాలా విమానాలలో నడవా వైపు చేతి ఆనిక కింద, మడత దగ్గర, ఒక చిన్న మీట దాగి ఉంటుంది. దాన్ని నొక్కితే ఆనిక పైకి లేస్తుంది, మోకాళ్లు మడవకుండా పక్కకు తిరిగి లేవవచ్చు. అది ఎక్కడుందో కూర్చోగానే సిబ్బందిని అడిగి చూసుకోమనండి.