పిల్లల ఫైలులో తప్పు పడితే: ఇంగ్లండుకు కొత్తగా వచ్చిన బరంపురం, పర్లాకిమిడి కుటుంబాలకు

ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి ఇంగ్లండుకు వచ్చే మన తెలుగువాళ్లకు ఇల్లు, బడి, డాక్టరు గురించి చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. కౌన్సిల్‌లోని, అంటే స్థానిక ప్రభుత్వంలోని, పిల్లల సంక్షేమ విభాగం గురించి మాత్రం ఎవరూ నోరు విప్పరు. సోషల్ వర్కర్ గడప తొక్కితే పరువు పోయిందనుకుని దాచుకుంటారు. ఇది దాచుకోవలసిన విషయం కానే కాదు. బడిలోనో ఆస్పత్రిలోనో ఎవరికైనా అనుమానం వస్తే కౌన్సిల్‌కు కబురు వెళుతుంది. బిడ్డకు తీవ్రమైన హాని జరుగుతోందని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, 1989 నాటి పిల్లల చట్టం ప్రకారం వాళ్లు విచారించక తప్పదు. విచారణలో ఏమీ తేలకపోయినా ఫైలు మిగులుతుంది. అందులో పడిన తప్పు కూడా ఏళ్ల తరబడి మిగిలిపోతుంది.

మనవాళ్ల విషయంలో పడే తప్పులు కొన్ని ప్రత్యేకమైనవి. పుట్టిన ఊరు ఒడిశాలో ఉందని చూసి 'ఇంటి భాష ఒడియా' అని రాసేస్తారు. తరువాత సమావేశానికి ఒడియా దుబాసీని పిలుస్తారు. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడే తల్లికైనా బిడ్డ గురించి, కాపురం గురించి చెప్పుకోవలసి వచ్చినప్పుడు తెలుగే కావాలి. పెద్దమ్మను కూడా 'అమ్మా' అని పిలిచే పిల్లవాడు 'బరంపురంలో ఇంకో అమ్మ ఉంది' అన్నాడంటే, కన్నతల్లి ఎవరన్న ప్రశ్న కాగితం మీదికి ఎక్కుతుంది.

అన్నిటికంటే గుండెదడ పుట్టించేది నీలిమచ్చ. మన పసిపిల్లల్లో చాలామందికి నడుము కింద, పిరుదుల మీద నీలిబూడిద రంగు మచ్చ పుట్టుకతోనే ఉంటుంది. సాధారణంగా కొన్నేళ్లలో దానంతటదే వెలిసిపోతుంది. తెలియని కళ్లకు అది దెబ్బ తగిలి కమిలినట్టే కనిపిస్తుంది. ఇక్కడ పుట్టిన పిల్లలకైతే దాన్ని 'రెడ్ బుక్' అనే ఆరోగ్య పుస్తకంలో రాసి ఉంచుతారు. బరంపురం ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు ఆ పుస్తకమే ఉండదు. అందుకే వచ్చిన కొత్తల్లోనే డాక్టరుకో, పసిపిల్లల ఆరోగ్యం చూసే నర్సు అయిన హెల్త్ విజిటర్‌కో ఆ మచ్చ చూపించి, ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నది రాయించుకోండి. అమ్మమ్మ ఫోనులో బిడ్డ నెలల పిల్లగా ఉన్నప్పటి స్నానాల ఫొటోలు ఉంటే, తేదీ చెరిగిపోకుండా భద్రం చేయమనండి.

ఇక హక్కుల మాట. యూకే జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కింద మీ గురించి ఫైలులో ఏముందో నకలు అడగవచ్చు, తప్పు ఉంటే సరిచేయమనవచ్చు. రెంటికీ సాధారణంగా రుసుము లేదు. నెల లోపు జవాబివ్వాలి. చిక్కుముడి ఉన్న వ్యవహారమైతే మరో రెండు నెలలు తీసుకోవచ్చు. ఇతరుల వివరాలున్న చోట నల్లగీతలు కొట్టి ఇస్తారు. బిడ్డ తరఫున తల్లిదండ్రులు అడగవచ్చు గాని, విషయం అర్థం చేసుకునే వయసు వచ్చిన పిల్లల విషయంలో ఆ హక్కు వాళ్లదే.

నోటితో అడిగినా చెల్లుతుంది, కానీ రాసే ఇవ్వండి. 'అంతా అబద్ధం' అని రాస్తే పని జరగదు. ఇలా రాయండి: 'మార్చి 4 నాటి నివేదిక, 3వ పేజీ, రెండో పేరా. ఇంటి భాష ఒడియా అని ఉంది. మా ఇంటి భాష తెలుగు. బడిలో చేర్చినప్పటి పత్రం జతచేశాను. సరిచేయండి. తేల్చేదాకా ఈ వివరాన్ని వాడకుండా ఆపండి. ఇది ఎవరెవరికి పంపారో వాళ్లకూ తెలియజేయండి.' ఈ చివరి వాక్యం మరవద్దు. కౌన్సిల్ ఫైలులో సరిచేసినా, బడికీ డాక్టరుకూ వెళ్లిన ప్రతిలో తప్పు అలాగే ఉండిపోతే ఏం లాభం?

అభిప్రాయాల సంగతి వేరు. 'తల్లి ముభావంగా ఉంది, ప్రశ్నలకు జవాబు దాటవేసింది' అన్నది సోషల్ వర్కర్ అభిప్రాయం. మీకు నచ్చలేదని దాన్ని తీసేయరు. అది ఎవరి అభిప్రాయమో స్పష్టంగా ఉండాలని, దాని పక్కన మీ మాట చేర్చాలని అడగండి: 'ఆ రోజు ఒడియా దుబాసీ వచ్చారు. నేను చెప్పదలచింది చెప్పలేకపోయాను.' తరువాత ఫైలు తెరిచేవాళ్లు రెండూ కలిపి చదువుతారు. నా దృష్టిలో తగవు పెట్టుకోవడం కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

సరిచేయబోమంటే కారణం చెప్పాలి. అప్పుడు సమాచార రక్షణ చట్టం అమలును చూసే ఇన్ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు, కోర్టుకూ వెళ్లవచ్చు. సోషల్ వర్కర్ ప్రవర్తన మీద ఫిర్యాదు దారి వేరు. అది ముందు కౌన్సిల్‌కు, తరువాత కౌన్సిళ్ల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి అంబుడ్స్‌మన్‌కు వెళుతుంది. రెండూ ఒకే ఉత్తరంలో కలపకండి.

పిల్లల రక్షణ సమావేశం గాని, కోర్టు కేసు గాని నడుస్తూ ఉంటే ముందు న్యాయవాదిని కలవండి. ఇంగ్లండులో ఫ్యామిలీ రైట్స్ గ్రూప్ అనే స్వచ్ఛంద సంస్థ ఫోనులో ఉచితంగా సలహా ఇస్తుంది. సవరణ జరిగేదాకా సోషల్ వర్కర్‌ను ఇంటికి రానివ్వం అని మాత్రం భీష్మించుకోవద్దు. అది కూడా ఫైలులోకే ఎక్కుతుంది. రానివ్వండి, తెలుగు దుబాసీ కావాలని ముందే రాసి పంపండి.